నిరోధక శక్తి తగ్గినవారికి సైనస్ శస్త్రచికిత్స: ఎప్పుడు ఆగవచ్చు? ఎప్పుడు ఆగరాదు?

మార్గశిర, పుష్య మాసాలు వచ్చాయంటే ఆదిలాబాదు ప్రాంతంలో చలి ఎముకలు కొరుకుతుంది. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాలలో అది ఒకటి. కొన్ని రాత్రులు పాదరసం పది డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతుంది. ఆ రోజులలో అటు నిర్మల్, మంచిర్యాల మొదలుకొని ఇటు జగిత్యాల, కరీంనగర్ వరకు పడిశం పట్టని ఇల్లు అరుదు. శొంఠి కషాయం, మిరియాల పాలు, వావిలాకు ఆవిరి మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న చికిత్సలే. ఆరోగ్యవంతునికి వారం, పది రోజులలో పడిశం తగ్గిపోతుంది కూడా.

అయితే ఒకే ఇంట్లో ఉండే అందరి శరీరాలూ ఒక్కటి కావు. పదేళ్ళుగా మధుమేహంతో ఉన్న తండ్రి, కీళ్ళవాతానికి స్టెరాయిడ్ బిళ్ళలు వాడే తల్లి, మూత్రపిండం మార్పిడి చేయించుకున్న తమ్ముడు, కాన్సరు మందులు ఎక్కించుకుంటున్న పెద్దమ్మ — వీరికి పట్టిన పడిశాన్ని ఇతరుల పడిశంతో సమానంగా చూడరాదు. వీరిలో సైనసైటిస్ దీర్ఘకాలం వేధించవచ్చు. అరుదుగా కొద్ది రోజులలోనే ప్రాణం మీదికి తేవచ్చు. ఇటువంటి వారికి వైద్యుడు "సైనస్ ఆపరేషన్ అవసరం" అని చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ సందిగ్ధంలో పడతారు. అసలే బలహీనుడు, కత్తి తట్టుకోగలడా అని కొందరు వెనుకాడతారు. ఒకసారి చేయించేస్తే పీడ విరగడవుతుందని కొందరు తొందరపడతారు. ఈ రెండు ఆలోచనలూ సరైనవి కావు. ఏ స్థితిలో నిదానించవచ్చు, ఏ స్థితిలో ఒక్కరోజు కూడా ఆగరాదు అనే వివేకాన్ని పాఠకులకు కలిగించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైనస్‌లు అంటే ఏమిటి?

మన ముఖంలోని ఎముకలు పూర్తిగా గట్టివి కావు. చెంపల లోపల, కనుబొమల పైన, రెండు కళ్ళ నడుమ, వాటి వెనుక లోతుగా గాలి నిండిన చిన్న గదులు ఉన్నాయి. వీటినే సైనస్‌లు అంటారు. ప్రతి గదికీ ముక్కులోకి తెరుచుకునే సన్నని ద్వారం ఉంటుంది. గదుల లోపలి పొర నిరంతరం పలుచని శ్లేష్మాన్ని తయారు చేస్తుంది. కంటికి కనబడనంత సూక్ష్మమైన రోమాలు ఆ శ్లేష్మాన్ని దుమ్ముతో, క్రిములతో సహా ద్వారం వైపు నెట్టివేస్తూ ఉంటాయి. అంటే ఈ గదులు తమను తాము ఊడ్చుకుంటాయి.

జలుబు వలన గాని, అలర్జీ వలన గాని, ముక్కులో కండ పెరగడం వలన గాని ద్వారం మూసుకుపోతే లోపలి శ్లేష్మం నిలిచిపోతుంది. నిలిచిన నీటిలో క్రిములు పెరిగినట్లే అక్కడా పెరుగుతాయి. ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, అది గొంతులోకి జారడం, ముఖంలో బరువు, వాసన తెలియకపోవడం ఇందుకు లక్షణాలు. ఇవి 12 వారాలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక సైనసైటిస్ అని వ్యవహరిస్తారు. ఒకవైపు చెంపలోనే బాధ ఉండి, దుర్వాసనతో కూడిన చీమిడి వస్తుంటే పై దవడ పళ్ళను కూడా పరీక్షింపజేయాలి. పంటి వేరులోని చీము పైనున్న సైనస్‌లోకి పాకడం తరచుగా కనిపించే విషయమే.

మన ప్రాచీనులు ఈ వ్యాధిని ఎరుగని వారు కారు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో 22 నుండి 24 వరకు గల అధ్యాయాలు ముక్కు వ్యాధులకు, ప్రతిశ్యాయానికి కేటాయించబడ్డాయి. మనం పడిశం అనేదే ప్రతిశ్యాయం. ఏ ప్రతిశ్యాయమైనా చికిత్స చేయక ఉపేక్షిస్తే కాలక్రమంలో దుష్ట ప్రతిశ్యాయంగా మారి కష్టసాధ్యమవుతుందని సుశ్రుతుడు హెచ్చరించాడు. ముక్కులో పెరిగే కండను నాసార్శస్సు పేరుతో వర్ణించాడు. ఉపేక్ష పనికిరాదన్న ఆ మాట, నిరోధక శక్తి తగ్గినవారి విషయంలో మరింత నిజం.

నిరోధక శక్తి ఎవరిలో తగ్గుతుంది?

మధుమేహం అదుపులో లేనివారు వీరిలో ముందుంటారు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు క్రిములను మింగే తెల్ల రక్తకణాలు చురుకుగా పనిచేయలేవు. రెండవవారు, స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడేవారు. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి ఎవరో ఇచ్చిన "తెల్ల బిళ్ళ" ఏమిటో తెలియకుండానే నెలల తరబడి మింగుతున్నవారు గ్రామాలలో ఉన్నారు. అది స్టెరాయిడ్ కావచ్చు. మూడవవారు కాన్సరు చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు. నాలుగవవారు పుట్టుకతోనే రక్తంలో రక్షక ప్రోటీన్లు తక్కువగా ఉన్నవారు. సైనసైటిస్‌తో పాటు చెవిలో చీము, న్యుమోనియా మాటిమాటికీ వస్తున్న వ్యక్తికి, వయస్సు ఎంతైనా సరే, ఇమ్యునోగ్లోబ్యులిన్ పరీక్ష చేయించడం మంచిది.

మన ప్రాంతానికి సంబంధించి మరొక వర్గాన్ని కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని గోండు, కొలాం తదితర గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. ఈ వ్యాధిలో ప్లీహం చిన్ననాటి నుండే దెబ్బతింటుంది. ఫలితంగా న్యుమోకోకస్ వంటి బాక్టీరియాలను ఎదిరించే శక్తి తగ్గుతుంది. సైనసైటిస్‌కు కారణమయ్యే ప్రధాన బాక్టీరియాలలో న్యుమోకోకస్ ఒకటి. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. పరీక్ష చేయించుకొని కార్డు పొందినవారు ముక్కు జబ్బుకు వెళ్ళినా, పంటి జబ్బుకు వెళ్ళినా ఆ కార్డును వైద్యునికి చూపాలి.

వృత్తుల వలన నిరోధక శక్తి నేరుగా తగ్గకపోయినా ముక్కు పొర దెబ్బతింటుంది. ఇంట్లో కూర్చుండి బీడీలు చుట్టే స్త్రీలు పీల్చే పొగాకు ధూళి, సిరిసిల్ల మరమగ్గాల నూలు పోగుల దుమ్ము, ఆదిలాబాదు జిన్నింగు మిల్లుల పత్తి ధూళి, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు పొడి, గోదావరిఖని బొగ్గు మసి — ఇవన్నీ సూక్ష్మ రోమాల పనికి అడ్డుపడేవే. పైన చెప్పిన జబ్బులు ఉన్నవారు ఈ పనులలో కూడా ఉంటే రెట్టింపు జాగ్రత్త అవసరం.

నిదానంగా వేధించేది, వేగంగా నాశనం చేసేది

నిరోధక శక్తి తగ్గినవారిలో సైనసైటిస్ రెండు రూపాలలో కనిపిస్తుంది. ఈ రెండింటి తేడా తెలియడమే అన్నిటికంటే ముఖ్యం.

మొదటిది దీర్ఘకాలికం. చీమిడి, ముక్కు దిబ్బడ, తలబరువు నెలల తరబడి ఉంటాయి. యాంటీబయాటిక్ వాడినంత కాలం తగ్గి, మానగానే తిరగబెడతాయి. ఇది మనిషిని అలసటకు గురిచేస్తుంది, నిద్ర చెడగొడుతుంది, ఉబ్బసం ఉంటే దానిని పెంచుతుంది. కానీ పరీక్షలు చేయించుకోవడానికి, మందులు వాడి చూడడానికి, శస్త్రచికిత్సకు తగిన సమయాన్ని ఎంచుకోవడానికి వ్యవధి ఉంటుంది.

రెండవది శిలీంధ్రం, అనగా ఫంగస్, కణజాలంలోకి చొచ్చుకుపోయే రూపం. రొట్టె మీద బూజు పట్టించే జాతికి చెందిన మ్యూకర్ ఫంగస్ బీజాలు గాలిలో, మట్టిలో, కుళ్ళిన ఆకులలో అంతటా ఉంటాయి. మనమందరం వాటిని పీలుస్తూనే ఉంటాము. ఆరోగ్యవంతుని తెల్ల రక్తకణాలు వాటిని అక్కడికక్కడే చంపివేస్తాయి. ఆ కణాలు పనిచేయని శరీరంలో ఫంగస్ రక్తనాళాల గోడలలోకి దూరి వాటిని మూసివేస్తుంది. రక్తం అందని భాగం నల్లబడి చచ్చిపోతుంది. ముక్కు నుండి కంటికి, కంటి నుండి మెదడుకు పాకడానికి కొద్ది రోజులు చాలు. చక్కెర మితిమీరి రక్తం ఆమ్లపూరితమైనప్పుడు అందులో ఇనుము విడుదలవుతుంది. ఆ ఇనుము ఈ ఫంగస్‌కు ఎరువు వంటిది. మధుమేహ రోగులు దీనికి ఎక్కువగా చిక్కడానికి కారణమిదే.

2021 వేసవిలో దేశమంతా దీనిని కళ్ళారా చూసింది. ఆ సంవత్సరం జూన్ 28 నాటికి దేశంలో 40,845 మందికి బ్లాక్ ఫంగస్ సోకినట్లు కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. వారిలో 26,187 మందికి, అంటే నూటికి 64 మందికి, మధుమేహం ఉన్నది. 21,523 మంది స్టెరాయిడ్లు వాడినవారు. 3,129 మంది అప్పటికే మరణించారు. తెలంగాణ ప్రభుత్వం మే నెలలోనే దీనిని తప్పక ప్రకటించవలసిన వ్యాధిగా నిర్ణయించి, హైదరాబాదులోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని చికిత్సకు ప్రధాన కేంద్రంగా చేసింది. కోవిడ్ కూడా ఉన్నవారిని గాంధీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఇటువంటి జబ్బులో ఇంట్లో గడిపిన ప్రతి రోజూ ఆ దూరాన్ని మరింత పెంచుతుంది.

ఆ ఉపద్రవం గడిచింది గాని ఫంగస్ ఎక్కడికీ పోలేదు. చక్కెర అదుపు తప్పిన ప్రతి ఇంట్లో దానికి అవకాశం ఉన్నది.

అదే రోజున ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు

నిరోధక శక్తి తగ్గిన వ్యక్తిలో ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా వేచి చూడరాదు.

1. ముఖంలో ఒకవైపు తిమ్మిరి, మొద్దుబారడం లేదా తీవ్రమైన నొప్పి.
2. కనురెప్ప వాపు, రెప్ప వాలిపోవడం, కన్ను ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మందగించడం.
3. ముక్కు నుండి నల్లని లేదా రక్తంతో కలిసిన స్రావం.
4. అంగిలి మీద, ముక్కు లోపల, చర్మం మీద నల్లని మచ్చ.
5. ఏ కారణమూ లేకుండా పై పళ్ళు కదలడం.
6. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మత్తుగా ఉండడం, మాట తడబడడం.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. చీము, ఎరుపు, వాపు, జ్వరం అనేవి క్రిములతో తెల్ల రక్తకణాలు పోరాడుతున్నాయనడానికి గుర్తులు. ఆ కణాలే తక్కువగా ఉన్నవారిలో పోరాటమే ఉండదు. కనుక చీము రాకపోవచ్చు, జ్వరం అంతగా ఉండకపోవచ్చు. కాన్సరు మందులు వాడేవారిలో "చీమిడి లేదు కదా" అని ధైర్యపడడం పొరపాటు. కొద్దిపాటి ముఖం నొప్పి, తిమ్మిరి కూడా వారిలో పెద్ద హెచ్చరికలే.

ఆసుపత్రిలో ముక్కులోకి దుర్భిణి వంటి సన్నని గొట్టం పంపి చూస్తారు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే ఫంగస్ ఉన్నదీ లేనిదీ కొన్ని గంటలలోనే సూచనగా తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ. స్కాన్ వలన కంటికి, మెదడుకు పాకినదీ లేనిదీ తెలుస్తుంది. ఇది నిర్ధారణ అయితే శస్త్రచికిత్స తక్షణ అవసరం. చచ్చిన కణజాలానికి రక్తం చేరదు, రక్తం చేరనిచోటికి మందు చేరదు. కనుక దానిని తొలగించక తప్పదు. కొన్నిసార్లు రెండు మూడు విడతలుగా తొలగించవలసి వస్తుంది. దానితో పాటు యాంఫోటెరిసిన్-బి అనే మందును సిర ద్వారా ఎక్కిస్తూ, చక్కెరను అదుపులోకి తెస్తారు. ఈ మందు వలన మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉన్నందున తరచుగా రక్త పరీక్షలు చేస్తారు. శస్త్రచికిత్స, మందు, మూలకారణాన్ని సరిదిద్దడం — ఈ మూడూ కలిస్తేనే ఫలితం ఉంటుంది.

వ్యవధి ఉన్నప్పుడు మొదట ఏమి చేయాలి?

ప్రమాద చిహ్నాలు లేని దీర్ఘకాలిక సైనసైటిస్‌లో శస్త్రచికిత్స మొదటి మెట్టు కాదు. ముక్కును ఉప్పునీటితో కడగడం, వైద్యుడు సూచించిన స్టెరాయిడ్ స్ప్రే, చీమును పరీక్షించి ఎంపిక చేసిన యాంటీబయాటిక్, చక్కెర అదుపు ముందు జరగాలి. ముక్కులో వేసుకునే స్ప్రే మింగే బిళ్ళ వంటిది కాదు. శరీరంలోకి చాలా తక్కువగా చేరుతుంది. అయితే హెచ్.ఐ.వి.కి వాడే కొన్ని మందులతో కలిసినప్పుడు కొన్ని స్ప్రేలు రక్తంలో పేరుకుపోతాయి. కనుక ఏ.ఆర్.టి. కేంద్రంలోని వైద్యునికి స్ప్రే పేరు చెప్పాలి. దిబ్బడను తక్షణం పోగొట్టే చుక్కల మందును అయిదు రోజులకు మించి వాడరాదు. మించితే ఆ మందు వలననే దిబ్బడ ఏర్పడుతుంది.

ఇంటి చికిత్సలలో అన్నిటికంటే ఉపయోగకరమైనది జలనేతి. దానిని చేసే పద్ధతిలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. బావి నీరు, బోరు నీరు, కుళాయి నీరు నేరుగా వాడరాదు. మంచినీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాంతకమవుతుంది. 2024లో కేరళలో చెరువు స్నానాలు చేసిన పిల్లలు ఈ వ్యాధి పాలైన సంగతి పత్రికలలో వచ్చినదే. నీటిని కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. పావు లీటరు నీటికి సుమారు రెండు గ్రాముల ఉప్పు, చిటికెడు వంట సోడా కలపాలి. పాత్రను ప్రతిసారీ మరిగిన నీటితో కడిగి ఆరబెట్టాలి. ముక్కు కడిగేటప్పుడు తల ముందుకు వంచి, నోటితో గాలి పీల్చాలి.

ఆవిరి పట్టడం వలన దిబ్బడ కొంతసేపు సడలుతుంది. కాని వ్యాధి పోదు. రోజుకు ఒకటి రెండు సార్లు, అయిదేసి నిమిషాలు చాలు. అతిగా పడితే లోపలి పొర కందిపోతుంది. మరిగే గిన్నె మీద వంగినప్పుడు పిల్లలు, వృద్ధులు కాలిన గాయాల పాలవుతారు. శొంఠి, మిరియాలు, తులసి వేసిన కషాయం గొంతుకు హాయినిస్తుంది. మధుమేహం ఉన్నవారు అందులో బెల్లం, తేనె వేసుకోరాదు.

కొన్నిటిని మాత్రం ఖండితంగా మానుకోవాలి. వెల్లుల్లి రసం, ఉల్లి రసం, నిమ్మరసం ముక్కులో పిండరాదు. అవి సున్నితమైన పొరను కాల్చివేస్తాయి. నస్యకర్మ గొప్ప ప్రక్రియే గాని అందరికీ, అన్ని వేళలా తగినది కాదు. కొత్తగా పడిశం పట్టినవారికి, కొత్త జ్వరంలో ఉన్నవారికి నస్యం తగదని చరక సంహితలోనే ఉన్నది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోకి జారితే అక్కడ ఒక రకం న్యుమోనియా కలిగించగలదు. నిరోధక శక్తి తగ్గినవారు, శస్త్రచికిత్స అయి గాయం మానని వారు స్వయంగా నస్యం చేసుకోరాదు.

"రోగనిరోధక శక్తిని పెంచే" మూలికల విషయంలోనూ విచక్షణ కావాలి. మూత్రపిండం మార్పిడి అయినవారికి వైద్యులు నిరోధక శక్తిని కావాలనే తగ్గించి ఉంచుతారు. దానిని పెంచితే శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది. కొన్ని మూలికలు ఆ మందుల మోతాదును రక్తంలో పెంచడమో, తగ్గించడమో చేస్తాయి. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు నమోదు చేశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. వాదం ఎలా ఉన్నా, ఇటువంటి రోగులు ఏ మూలికనైనా తమకు చికిత్స చేసే వైద్యునికి చెప్పకుండా తీసుకోరాదు.

శస్త్రచికిత్సలో ఏమి చేస్తారు?

పూర్వం పై పెదవి లోపల కోసి, చెంప ఎముకకు రంధ్రం చేసి సైనస్‌ను శుభ్రపరిచేవారు. 1893లో అమెరికాలో కాల్డ్వెల్, 1897లో ఫ్రాన్సులో లూక్ వివరించిన పద్ధతి అది. ఆపరేషన్ పేరు చెబితే పెద్దవారికి నేటికీ గుర్తుకు వచ్చేది ఆ వాపు, ఆ నొప్పులే. తరువాత ఆస్ట్రియా దేశంలోని గ్రాట్జ్ నగరంలో మెసెర్‌క్లింగర్ అనే వైద్యుడు సైనస్‌లలోని శ్లేష్మం ఎప్పుడూ సహజ ద్వారం వైపే ప్రవహిస్తుందని నిరూపించాడు. వేరే రంధ్రం చేసినా శ్లేష్మం దానిని వదలి పాత ద్వారానికే పోతుంది. కనుక కొత్త దారి చేయడం కంటె మూసుకున్న పాత దారిని తెరవడమే సరైన చికిత్స. ఈ సిద్ధాంతం మీద ఆధారపడిన ఎండోస్కోపిక్ శస్త్రచికిత్సను 1985 ప్రాంతంలో అమెరికాలో కెన్నెడీ, గ్రాట్జ్‌లో స్టామ్‌బెర్గర్ ప్రచారంలోకి తెచ్చారు.

నేడు నాలుగు మిల్లీమీటర్ల మందం గల దుర్భిణిని నాసారంధ్రం గుండా పంపి, తెరమీద చూస్తూ ఆపరేషన్ చేస్తారు. ముఖం మీద కోత ఉండదు. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. ముందుగా తీసిన సి.టి. స్కాన్ వైద్యునికి పటం వంటిది. ముక్కులో కండను తొలగిస్తారు, ద్వారాలను వెడల్పు చేస్తారు, చీమును తీసి పరీక్షకు పంపుతారు. ముక్కు దూలం వంకర అడ్డుగా ఉంటే సరిచేస్తారు.

సైనస్ గదులకు ఒకవైపు కన్ను, పైవైపు మెదడు ఉన్నాయి. నడుమ గోడ కాగితమంత పలుచన. రక్తస్రావం, కంటికి గాయం, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారడం వంటి తీవ్ర ప్రమాదాలు అరుదు. కాని అసలు లేవనడం సరికాదు. అంగీకార పత్రం మీద సంతకం చేసే ముందు వీటిని వైద్యుని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

ఆపరేషన్‌కు ముందు

నిరోధక శక్తి తగ్గినవారికి ఆపరేషన్ విజయం సగం ముందు సిద్ధతలోనే ఉంటుంది.

మధుమేహం ఉన్నవారు చక్కెర స్థాయిని, మూడు నెలల సగటును తెలిపే హెచ్.బి.ఎ1సి పరీక్షను చూపించి, అవసరమైతే కొంతకాలం ఇన్సులిన్‌కు మారాలి. స్టెరాయిడ్లు దీర్ఘకాలంగా వాడుతున్నవారు "ఆపరేషన్ కదా" అని తమంతట తాము హఠాత్తుగా మానరాదు. శరీరం స్వయంగా ఆ హార్మోనును తయారు చేసుకోలేని స్థితిలో ఉంటుంది. రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. పైగా ఆపరేషన్ రోజున అదనపు మోతాదు అవసరం కావచ్చు. కాన్సరు రోగులలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూసి, రెండు విడతల మందుల మధ్య అనువైన రోజును నిర్ణయిస్తారు. సికిల్ సెల్ ఉన్నవారిని నీరసించనివ్వరాదు, చలి తగలనివ్వరాదు, ప్రాణవాయువు తగ్గనివ్వరాదు. మత్తు వైద్యునికి ఈ సంగతి ముందే తెలియాలి.

రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఆ మందును ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుడు, ముక్కు వైద్యుడు కలిసి తేల్చాలి. వెల్లుల్లి గుళికలు వంటివి కూడా రక్తస్రావాన్ని పెంచగలవు. వాడుతున్న మందులన్నీ, మూలికలతో సహా, ఒక కాగితం మీద వ్రాసి తీసుకువెళ్ళడం ఉత్తమం. బీడీ, సిగరెట్టు, పొగాకు నమలడం మానాలి. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాల గురించి అడగాలి. మీ శరీర స్థితికి ఏ టీకా తగదో కూడా వైద్యుడే చెబుతాడు.

ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న ఒకప్పుడు ఈ ప్రాంతానికి పెద్ద చిక్కు. ఆదిలాబాదులో రిమ్స్ ఉన్నది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మొదటి పరీక్షకు వీటి అనుబంధ ఆసుపత్రులలోని చెవి ముక్కు గొంతు విభాగాన్ని సంప్రదించవచ్చు. అయితే ఆపరేషన్ చేసే చోట చక్కెర, మూత్రపిండాలు, గుండె చూసే వైద్యులు, అత్యవసర విభాగం, కంటి వైద్యుడు అందుబాటులో ఉన్నారా అని విచారించాలి. రాష్ట్రంలో 2023 డిసెంబరు నుండి ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. మీకు సూచించిన చికిత్స అందులో వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగడం మంచిది.

ఆపరేషన్ తరువాత

ముక్కులో కూర్చిన గుడ్డ ఉంటే సాధారణంగా ఒకటి రెండు రోజులలో తీస్తారు. కొద్దిపాటి రక్తపు చారలు, దిబ్బడ కొన్ని రోజులు సహజం. రెండు వారాలు ముక్కు గట్టిగా చీదరాదు, బరువులు ఎత్తరాదు. తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మాలి. వైద్యుడు చెప్పిన రోజు నుండి ఉప్పునీటితో ముక్కు కడగడం మొదలుపెట్టాలి. ఆపరేషన్ తరువాత లోపల పొక్కులు కడతాయి. వాటిని వైద్యుడు దుర్భిణితో చూసి తీయాలి. రెండు మూడు సార్లు ఇలా చూపించుకోవడం ఆపరేషన్‌లో భాగమే. చాలామంది నొప్పి తగ్గగానే వెళ్ళడం మానివేస్తారు. పొక్కులు అతుక్కుపోయి ద్వారం మళ్ళీ మూసుకోవడానికి ఇది ముఖ్య కారణం.

ఆగకుండా రక్తం కారడం, ముందుకు వంగినప్పుడు ఒకవైపు ముక్కు నుండి నీళ్ళవంటి ద్రవం చుక్కలుగా పడడం, చూపులో మార్పు, మెడ బిగుసుకొని జ్వరం రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సాధారణ సందేహాలు

బలహీనులకు ఈ ఆపరేషన్ వలన ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. నిరోధక శక్తి లోపం ఉన్న దీర్ఘకాలిక రోగులు కూడా సరైన ఎంపిక, సరైన సిద్ధతతో చేయించుకున్నప్పుడు దిబ్బడ, చీమిడి, తలబరువు, నిద్ర విషయాలలో మెరుగుపడినట్లు వైద్య పరిశీలనలు తెలుపుతున్నాయి. లోపలి చీమును పరీక్షించే వీలు కలగడం, కడిగే నీరు, స్ప్రే మందు గదుల లోపలికి చేరడం అదనపు లాభాలు.

మళ్ళీ వస్తుందా?

రావచ్చు. ఆపరేషన్ ద్వారాన్ని తెరుస్తుంది. నిరోధక శక్తిని తెచ్చి ఇవ్వదు. చక్కెర పెరిగినా, రక్షక ప్రోటీన్ల లోపానికి చికిత్స జరగకపోయినా, ధూళిలో అలాగే పనిచేసినా వ్యాధి తిరిగి తల ఎత్తుతుంది. కొందరికి రెండవసారి ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇది వైద్యుని లోపమే కానక్కరలేదు.

యాంటీబయాటిక్‌తో ప్రతిసారీ తగ్గుతున్నది కదా, ఆపరేషన్ ఎందుకు?

మాటిమాటికీ వాడితే క్రిములు మందుకు లొంగని స్థితికి చేరుతాయి. బలహీనునికి రేపు న్యుమోనియా వస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. సంవత్సరంలో పలుమార్లు మందులు వాడవలసి వస్తుంటే సి.టి. స్కాన్ చేయించి నిపుణుని సలహా తీసుకోవాలి.

ఆయుర్వేద చికిత్స చేయించుకోవచ్చునా?

అర్హుడైన వైద్యుని వద్ద, ఇంగ్లీషు వైద్యం చేస్తున్న డాక్టరుకు తెలిపి చేయించుకోవచ్చు. పథ్యం, వేళకు నిద్ర, చన్నీళ్ళ తలస్నానం, రాత్రిపూట పెరుగు మానడం వంటివి పడిశం తత్త్వం గలవారికి ఆయుర్వేదం చెప్పే నియమాలు. వాటి వలన చెరుపు లేదు. కాని పైన చెప్పిన ఆరు గుర్తులలో ఒక్కటి ఉన్నా ఏ కషాయమూ ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రతి ఇంట్లో చేయదగిన పని

ఈ శీతకాలంలో మీ ఇంట్లో మధుమేహం, స్టెరాయిడ్లు, కాన్సరు మందులు, అవయవ మార్పిడి, హెచ్.ఐ.వి., సికిల్ సెల్ వీటిలో ఏదైనా ఉన్నవారు ఎవరో ఒకసారి లెక్క చూసుకోండి. వారికి పడిశం పట్టిన రోజు నుండి ఉదయం సాయంత్రం ముఖం, కళ్ళు, అంగిలి వెలుతురులో గమనించండి. చక్కెర పరీక్ష చేయండి. పది రోజులు దాటినా తగ్గకపోతే ముక్కు వైద్యునికి చూపండి. ముఖం మొద్దుబారినా, కన్ను వాచినా, నల్లని మచ్చ కనిపించినా ఆ పూటే బయలుదేరండి. వంటింటి మందుకు ఒక హద్దు ఉన్నది; ఆ హద్దు తెలిసిన గృహిణి చేతిలోనే అది అమృతమవుతుంది.